కారుకు పదిహేనేళ్లు, పటానికి మూడేళ్లు

నా కారు లెక్క ప్రకారం హైదరాబాదు ఇంకా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. ఆ రాష్ట్రంలో 23 జిల్లాలు ఉన్నాయి. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోది. అమరావతి అంటే కృష్ణ ఒడ్డున అమరేశ్వరాలయం వెలసిన ఊరే కాని రాజధాని కాదు. హైదరాబాదునుంచి విజయవాడకు పోయేది తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి. జమ్మూ కాశ్మీరు ఒక రాష్ట్రం. ఇక ఢిల్లీ సంగతికి వస్తే, రాజ్‌పథ్ రాజ్‌పథ్‌గానే ఉన్నది. పార్లమెంటు భవనం ఒక్కటే, అది గుండ్రంగా ఉన్నది.

ఇవేవీ రాజకీయ విశ్వాసం కొద్దీ పట్టిన మొండిపట్లు కావు. ఆ కారు 2013లో తయారైనది. 2019లో నేను దానిని రెండవ యజమానిగా కొన్నాను. తయారీదారులే ముందుపలకలో బిగించి ఇచ్చిన నావిగేషన్ యంత్రమొకటి అందులో ఉన్నది. ఆ యంత్రానికి ప్రాణాధారం తపాలాబిళ్లంత కార్డు. కార్డులోని పటం 2012 నాటిది. కొత్తగా కొన్నవారికి మూడు సంవత్సరాలపాటు పటాన్ని ఉచితంగా సవరించి ఇస్తామని కంపెనీవారు హామీ ఇచ్చారట. మొదటి యజమాని ఆ సదుపాయాన్ని ఒక్కసారైనా వాడుకోలేదు. ఆయన కారును నాకు అమ్మేనాటికి ఆ మూడేళ్లూ గడిచి, పైన మరో మూడేళ్లు కూడా గడిచిపోయాయి.

కొత్త పటం కోసం కంపెనీవారి సర్వీసు కేంద్రానికి వెళ్లాను. అక్కడి యువకుడు కారు ఛాసిస్ నంబరును కంప్యూటరులో కొట్టి చూసి, ఎంతో మర్యాదగా, ‘సార్‌జీ, ఈ మోడల్‌కు పటాలు రావడం ఆగిపోయింది’ అన్నాడు. ఎప్పుడు ఆగిందంటే తెలియదన్నాడు. డబ్బు చెల్లిస్తానన్నాను. డబ్బు పుచ్చుకొని ఇవ్వడానికైనా వారివద్ద పటం లేదు. కార్డు ఆ కారు నంబరుతో ముడిపడి ఉన్నది కనుక బయటివారెవరూ దానిలో వేరొక పటం ఎక్కించలేరు. తెర మొత్తం ఊడదీయించి కొత్తది బిగించుకొమ్మని అతని సలహా. అయితే రేడియో, ఏసీ మీటలు, వెనుక కెమెరా అన్నీ ఆ తెరతోనే ముడిపడి ఉన్నాయి. ఇంజను, బ్రేకులు నిక్షేపంగా ఉన్న కారుకు, పటం ముసలిదైన పాపానికి ముందుపలక పీకించడం నాకు సమంజసంగా తోచలేదు. నాటినుంచి ఆ పాత పటంతోనే కాపురం చేస్తున్నాను.

ఇది సొంత కారు గొడవ, దీనికి వారం వారం రాజధాని రాజకీయాలు చెప్పే ఈ శీర్షికలో చోటెందుకని పాఠకులు అడగవచ్చు. మన దేశంలో మధ్యతరగతి కుటుంబం కొనే మొదటి కారు చాలా సందర్భాలలో మరొకరు వాడి అమ్మిన కారే. పైగా ఢిల్లీలో కారు వయసు రాజకీయ విషయం. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జూలై 1 నుంచి అటువంటి బండ్లకు బంకులలో ఇంధనం పోయరాదన్నారు. ప్రజలు గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజులలోనే వెనుకంజ వేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు బలవంతపు చర్యలు వద్దన్నది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకు పరిమితం చేసింది. ఈ భయంతో ఢిల్లీవారు వయసు మీరకముందే చౌకగా అమ్మివేస్తున్న కార్లు ఇతర రాష్ట్రాలకు తరలిపోతున్నాయి. వాటిలో కొన్ని మన హైదరాబాదు, విజయవాడ వీధులలోనూ తిరుగుతున్నాయి, తమ పాత పటాలతో సహా.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. అంటే కారు ఆయుర్దాయం ఎంతో ప్రభుత్వమే లిఖితపూర్వకంగా చెప్పినట్లు. అటువంటప్పుడు, కారులో అంతర్భాగంగా అమ్మిన పటానికి మూడేళ్ల ఆయువు చాలునని నిర్ణయించే అధికారం తయారీదారుకు ఎవరిచ్చారు? నేను లేవనెత్తదలచిన ప్రశ్న ఇదే.

పాత పటం వల్ల కలిగే అవస్థ తెలుగువారికి తెలిసినంతగా బహుశా మరెవరికీ తెలియదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది. నా యంత్రంలో ఊరి పేరు కొట్టాలంటే ముందు రాష్ట్రం, తరువాత జిల్లా చెప్పాలి. జనగామ జిల్లా అంటే అది నోరు తెరవదు. వరంగల్లు జిల్లా అంటే, అదీ ఆంధ్రప్రదేశ్‌లోని వరంగల్లు అంటేనే, దారి చూపుతుంది.

తెలంగాణకు చెందిన ఒక పార్లమెంటు సభ్యుడు (ఏ సభవారో, ఏ పార్టీవారో చెప్పను) ఒకనాడు సభ వాయిదా పడ్డాక నా కారులో ఆంధ్రప్రదేశ్ భవన్‌దాకా వచ్చారు. తెరమీద వేలితో దక్షిణానికి జరుపుకుంటూ పోయి, ‘ఏందండీ, మేం అన్నేండ్లు కొట్లాడింది మీ కారుకు తెలవనే తెలవదా?’ అన్నారు. ఆ భవనం ఆస్తుల పంపకమే 2024లోగాని కొలిక్కి రాలేదని నేను గుర్తుచేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

అమరావతి విషయంలో మాత్రం నా కారును పూర్తిగా నిందించలేను. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. అంతకు మూడేళ్ల ముందటి పటంలో అక్కడ పొలాలు, తుళ్లూరు, మందడం వంటి పల్లెలు మాత్రమే ఉండడం సహజం. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినప్పటినుంచి 2024 జూన్‌లో ప్రభుత్వం మారేదాకా, అమరావతి ఒక్కటే రాజధానా అన్న ప్రశ్నపై నా కారుకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ పెద్ద అభిప్రాయభేదం లేదనే చెప్పాలి. ప్రభుత్వాలు నిర్ణయాలను తిరగరాస్తూ పోయేచోట పాత పటం ఎప్పుడో ఒకప్పుడు ఒప్పయి కూర్చుంటుంది.

ఢిల్లీలో పేర్ల మార్పులను గురించి విస్తరించి రాయను, అది ఇప్పటికే అరిగిపోయిన చర్చ. ఔరంగజేబు రోడ్డు 2015లో అబ్దుల్ కలాం రోడ్డయింది. ప్రధాని నివాసమున్న రేస్ కోర్స్ రోడ్డు 2016లో లోక్ కళ్యాణ్ మార్గ్ అయింది. రాజ్‌పథ్ 2022 సెప్టెంబరులో కర్తవ్యపథ్ అయింది. పేరు మార్చడానికి మునిసిపల్ తీర్మానం చాలు. సాయంత్రానికి కొత్త పలకలు వెలుస్తాయి. పేరు మారినా రోడ్డు అదే దిక్కున పోతుంది కాబట్టి నా పటానికి దానివల్ల నష్టమేమీ లేదు. నష్టమంతా పేరు మారకుండా రోడ్డే మారిపోయినచోట ఉన్నది. ఒకవైపు రాకపోకలకు మళ్లించిన వీధి, మూసివేసిన మలుపు, కొత్తగా లేచిన ఫ్లైఓవరు - వీటికి ప్రారంభోత్సవ శిలాఫలకం ఉన్నా, వాటి వివరాలు అందరికీ అందే అధికారిక జాబితా ఒక్కటైనా లేదు.

నా వృత్తికి కేంద్రమైన పార్లమెంటు సంగతే చూడండి. రైసీనా రోడ్డు, రెడ్‌క్రాస్ రోడ్డు కలిసేచోట త్రికోణాకారపు కొత్త భవనాన్ని 2023 మే 28న ప్రారంభించారు. సెప్టెంబరు 19 నుంచి సభలు అందులో జరుగుతున్నాయి. 1927లో ప్రారంభమైన పాత భవనం సంవిధాన్ సదన్ అయింది. సభ్యులు ధర్నాలు చేసే మకరద్వారం, మిగతా గజ, అశ్వ, గరుడ, శార్దూల, హంస ద్వారాలు నా పటానికి పురాణపురుషులతో సమానం. అది నన్ను నమ్మకంగా పాత భవనం ముందుకే తీసుకుపోతుంది. చుట్టూ ఉన్న దారులలో ఏది పాసు ఉన్నవారికి, ఏది లేనివారికి అన్నది ఎలాగూ ఏ పటంలోనూ ఉండదు. అది సిపాయి చేతి కర్రలో ఉంటుంది.

ప్రగతి మైదాన్ కింద 2022 జూన్ 19న ప్రారంభించిన సొరంగం ఉన్నది. పురానా ఖిల్లా రోడ్డు వైపునుంచి రింగు రోడ్డుకు ఒక కిలోమీటరుకు పైగా నేల కిందనే ప్రయాణం. ఉపగ్రహ సంకేతాలు అందులోకి చొరబడవు. చేతి ఫోన్లు కొన్ని ఆ చీకటిలో తికమక పడతాయి. నా కారు తికమక పడదు. చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెట్టుకొని తాను ఎక్కడ ఉన్నదో ఊహించుకుంటుంది. ఊహ సరైనదే. పటంలో సొరంగం లేనందువల్ల మాత్రం తెరమీది బాణపు గుర్తు ప్రదర్శనశాలల మీదుగా తేలిపోతుంది. ఆ శాలలలో హాల్ ఆఫ్ నేషన్స్ ఒకటి. 1972లో రాజ్ రేవాల్ రూపకల్పనలో కట్టిన ఆ కట్టడాన్ని 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చివేశారు. వాస్తుశిల్పులు నేటికీ బాధపడే ఆ కూల్చివేత వార్త నా కారుకు చేరలేదు. వారానికి రెండుసార్లు దాని కిందినుంచి పోతూ, అది ఉన్నట్లు పేరు చదువుకుంటాను. నాకది అయిష్టమని చెప్పలేను.

పటమొక్కటే కాదు, ఒకనాటి ఉదయం యంత్రంలోని తేదీ కూడా ఉన్నట్లుండి 1024 వారాలు వెనక్కి పోయింది. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు 1980 జనవరి 6 నుంచి వారాలను లెక్కిస్తూ ఆ సంఖ్యను పదే పది బిట్లలో పంపుతాయి. 1024 దాటితే మళ్లీ సున్న. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఒకసారి లెక్క తిరిగి మొదలైంది. తయారీదారులు ఎవరి కిటుకు వారు అమర్చుకుంటారు కనుక ఒక్కొక్క యంత్రం ఒక్కొక్క రోజున దారి తప్పుతుంది. 1024 వారాలంటే పంతొమ్మిదేళ్ల ఏడున్నర నెలలు. ఆ విధంగా నా కారు పదునాలుగవ లోక్‌సభ కాలంలోకి జారుకున్నది. మన్మోహన్ సింగ్ ప్రధానమంత్రి, సోమనాథ్ ఛటర్జీ స్పీకరు, వామపక్షాలు బయటినుంచి మద్దతు ఇస్తూ ప్రతి వారం బెదిరిస్తూ ఉన్నాయి. దీనిని సరిచేయడానికి కావలసినది నాలుగు వాక్యాల సాఫ్ట్‌వేరు మాత్రమేనని తెలిసినవారు చెబుతున్నారు. ఆ నాలుగు వాక్యాలు రాసే బాధ్యత చట్టప్రకారం ఎవరిమీదా లేదు.

వాడిన కారు కొన్నవారికి ఎదురయ్యే మరొక విచిత్రం చెప్పాలి. కారు నా చేతికి వచ్చిన మొదటి రోజున ‘ఇల్లు’ అన్న మీట నొక్కితే అది నన్ను నోయిడాలోని ఒక అపార్టుమెంటుకు బయలుదేరదీసింది. అది మొదటి యజమాని ఇల్లు. ఆయన పోయిన చోట్ల జాబితా కూడా పదిలంగా ఉన్నది: ఒక బడి, ఒక ఆసుపత్రి అనేక పర్యాయాలు, ఒక జిల్లా కోర్టు. పరిచయం లేని కుటుంబం కష్టసుఖాలు అలా కళ్లముందు కనిపిస్తే మనిషికి ఇబ్బందిగా ఉంటుంది. అన్నీ తుడిచివేశాను. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. కారు చేతులు మారేటప్పుడు దాని జ్ఞాపకాన్ని కడిగి ఇవ్వాలన్న నియమం మాత్రం కారు బదిలీ పత్రాలలో ఎక్కడా లేదు.

ఇంతకూ, జేబులో ఫోన్ ఉండగా ఈ పాత యంత్రంతో పనేమిటని అందరూ అడుగుతారు. ఫోన్ నేనూ వాడతాను. 2020 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం, డ్రైవరు ధ్యాస చెదరనంతవరకు, దారి చూసుకోవడానికి మాత్రమే చేతి ఫోన్ వాడవచ్చు. ఫోన్‌లోని పటం సొరంగాన్ని చూపుతుంది, రద్దీని చూపుతుంది, తెలంగాణను చూపుతుంది. కాని ఫోన్ పటం పూర్తిగా మన చేతిలో ఉన్నది కాదు. ప్రభుత్వం తలచుకుంటే అది ఒక్క ఆదేశంతో ఆగిపోతుంది. ఇంటర్నెట్ నిలిపివేతలు మన దేశంలో శాంతిభద్రతల పరిరక్షణకు మామూలు సాధనమైపోయాయి. 2021 గణతంత్ర దినాన రైతుల ట్రాక్టర్ల ప్రదర్శన వేళ సింఘూ, టీక్రీ, గాజీపూర్ ప్రాంతాలలో అర్ధరాత్రిదాకా నిలిపివేశారు. 2024 ఫిబ్రవరిలో రైతుల ఢిల్లీ యాత్ర సందర్భంగా హర్యానాలో అంబాలా, కురుక్షేత్ర సహా ఏడు జిల్లాలలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ లేదు.

ఆ ఫిబ్రవరిలోనే నేను శంభూ సరిహద్దుకు బయలుదేరాను. కురుక్షేత్రం దాటేసరికి, పటాన్ని ముందుగా దించిపెట్టుకున్నవారికి తప్ప, అందరి ఫోన్లూ గుడ్డివైపోయాయి. పాత్రికేయుల బండ్లు దాబాలవద్ద ఆగి దారి అడుగుతున్నాయి. నా యంత్రానికి ఇంటర్నెట్ అక్కరలేదు. ఇప్పుడు 44వ నంబరు అయిన రహదారిని అది ఒకటవ నంబరు అనే పిలుస్తుంది, సిమెంటు దిమ్మెలు, మేకులు నాటిన అడ్డుగోడలు ఉన్నాయన్నది దానికి తెలియదు. ‘నేరుగా పొండి’ అని మర్యాదగా చెబుతూనే ఉన్నది. రహదారి దిగి పల్లె దారులు పట్టినప్పుడు మాత్రం దాని ప్రజ్ఞ తెలిసింది. ఏ చెరకు తోట పక్కన ఏ మలుపు ఉన్నదో, ఏ గురుద్వారా వెనుకనుంచి ఏ బాట పోతుందో తప్పు లేకుండా చెప్పింది. పన్నెండేళ్లలో ఆ పల్లె రోడ్లలో మార్పు లేకపోవడం పటానికి మేలయింది, పల్లెలకు కాదు. ఆ మధ్యాహ్నం మరో రెండు పత్రికల బండ్లు నా కారు వెనుకనే వచ్చాయి.

సరికొత్త పటం సరైన పటమే అయి ఉంటుందన్న నమ్మకం ఎంత ప్రమాదకరమో 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లో తెలిసివచ్చింది. బదాయూఁ వైపునుంచి బరేలీ జిల్లా ఫరీద్‌పూర్‌కు పోతున్న ముగ్గురు మనుషులు, ఫోన్‌లోని గూగుల్ పటం చూపిన దారిన రామగంగ వంతెన ఎక్కారు. వంతెన ముందుభాగం 2023 వరదలలో కొట్టుకుపోయింది. అడ్డు లేదు, హెచ్చరిక పలక లేదు. కారు నదిలో పడి ముగ్గురూ మరణించారు. పోలీసులు ప్రజాపనుల శాఖ ఇంజనీర్లమీద, పేరు చెప్పకుండా గూగుల్ పటాల ప్రాంతీయ అధికారిమీద కేసు పెట్టారు. అదే సంవత్సరం మే నెలలో, హైదరాబాదునుంచి కేరళ చూడబోయిన నలుగురు, కొట్టాయం జిల్లా కురుప్పన్తర దగ్గర రాత్రివేళ, వానలో, ఫోన్ చూపిన దారినే పోయి నిండుగా పారుతున్న వాగులోకి కారును నడిపారు. స్థానికులు, పోలీసులు ఆదుకోగా ప్రాణాలతో బయటపడ్డారు.

నా పాత పటాన్ని నేను నమ్మను. అది 2012 నాటిదని నాకు తెలుసు. కార్డుమీద రాసి ఉన్నది. దాని మాటను వృద్ధబంధువు మాట విన్నట్లు విని, కళ్లతో రోడ్డు చూసి నడుపుతాను. ఫోన్ పటంమీద తేదీ లేదు. రామగంగ వంతెనను అది ఏ సంవత్సరంలో చూచినదో ఆ ముగ్గురికి తెలిసే మార్గమే లేదు. ఔషధం సీసామీద, పాల పొట్లంమీద తేదీ ముద్రించనివారిని శిక్షించే ప్రభుత్వం, దారి చూపే పటంమీద తేదీ ఎందుకు అడగదు?

చట్టం పటాల జోలికి పోలేదనుకుంటే పొరపాటు. 1961 నాటి క్రిమినల్ చట్ట సవరణ చట్టానికి 1990లో చేసిన మార్పు ప్రకారం, సర్వే ఆఫ్ ఇండియా పటంతో పొసగని భారతదేశ పటాన్ని ప్రచురించినవారికి ఆరు నెలలదాకా జైలు. సరిహద్దు గీత తప్పితే శిక్ష ఉన్నది. కూలిన వంతెనను నిలబడి ఉన్నట్లు చూపితే ఏ ప్రత్యేక చట్టమూ లేదు. ఢిల్లీ దృష్టిలో పటమంటే మొదటినుంచీ దేశ రక్షణ విషయం, ప్రయాణీకుడి రక్షణ విషయం కాదు. 1767లో కంపెనీ సైన్యాల అవసరంకొద్దీ పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా ఆ స్వభావాన్ని స్వాతంత్ర్యం తరువాత కూడా చాలాకాలం వదులుకోలేదు. సరిహద్దులకు, సముద్రతీరానికి దగ్గరలో ఉన్న ప్రాంతాల సవివర పటాలమీద ‘రిస్ట్రిక్టెడ్’ అన్న ముద్ర ఉండేది. కోస్తా జిల్లాల రైతు బిడ్డ తన ఊరి పటం కొనాలంటే అధికారుల అనుమతి కావలసి వచ్చేది. విదేశాలవారు ఆకాశంనుంచి మన ఇంటి పెంకులు లెక్కపెట్టిన తరువాత కూడా ఆ ముద్ర కొనసాగింది.

2016 మేలో కేంద్రం భౌగోళిక సమాచార నియంత్రణ బిల్లు ముసాయిదా ప్రకటించింది. అనుమతి లేకుండా పటాల సమాచారం సేకరిస్తే, సరిహద్దులు తప్పుగా చూపితే నూరు కోట్ల రూపాయలదాకా జరిమానా, ఏడేళ్లదాకా జైలు అన్నారు. గగ్గోలు పుట్టి అది సభదాకా రాలేదు. 2021 ఫిబ్రవరి 15న ప్రభుత్వం పూర్తిగా అటు మొగ్గింది. భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతులు అక్కరలేదన్నది. అది మంచి పని, ఆలస్యంగా జరిగిన మంచి పని. 2022 డిసెంబరులో జాతీయ భౌగోళిక విధానం వెలువడింది. 2030 నాటికి పట్టణాలను, గ్రామాలను 5 నుంచి 10 సెంటీమీటర్ల సూక్ష్మతతో పటాలకెక్కిస్తామన్నారు. ఆ సంవత్సరం అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఐక్యరాజ్యసమితి ప్రపంచ భౌగోళిక సమాచార మహాసభలోనూ ఇటువంటి ఆశయాలే వినిపించాయి. ఆ మహాసభ జరిగిన నగరం ఏ రాష్ట్రంలో ఉన్నదో నా కారుకు చెప్పే దిక్కు నాటికీ లేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. రోడ్లు వేసేది ప్రభుత్వం, మూసేది ప్రభుత్వం, కొట్టుకుపోయిన వంతెన కొట్టుకుపోయిందని మొదట తెలిసేదీ ప్రభుత్వ ఇంజనీరుకే. ఆ మార్పులన్నీ ఒకేచోట, తేదీతో సహా, యంత్రాలు చదవగల రూపంలో సర్వే ఆఫ్ ఇండియా ఉచితంగా ప్రకటించాలి. దానిని చదువుకొని తాను అమ్మిన ప్రతి కారు పటాన్నీ ఆ కారు రిజిస్ట్రేషన్ చెల్లినంతకాలం సవరించే బాధ్యత తయారీదారుకు ఉండాలి. యజమాని మొదటివాడా మూడవవాడా అన్న విచక్షణ ఉండరాదు. చేయలేనివారు ఆ తాళం తీసి ఇతరులను చేయనివ్వాలి.

ఖర్చు పెరుగుతుందని కంపెనీలు అంటాయి. పెరగవచ్చు, పదిహేనేళ్లకు పంచితే అది తలుపుగొళ్లెం ఖరీదంత ఉండకపోవచ్చు. పాత యంత్రాలలో చోటు చాలదని అంటారు. ఇందులో కొంత నిజం ఉన్నది. తెరలను, పటాలను విడదీయరాకుండా అతికించి అమ్మినది వారే కనుక ఆ వాదం వారి నోట శోభించదు. కొత్త కార్లు అమ్ముడు కావాలంటే పాత కార్లు ముసలివి కావాలన్నది మాత్రం వారు పైకి అనని కారణం.

మనకంటూ సొంత దారిచూపే ఉపగ్రహాలు ఉన్నాయిగదా అని కొందరు సంతోషిస్తారు. ఉన్నాయి. కార్గిల్ యుద్ధమప్పుడు అమెరికా తన జీపీఎస్ సమాచారం ఇవ్వలేదని చెప్పుకొనే కథనం ఆ ప్రయత్నానికి ప్రేరణ. మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోటనుంచి ఎగిరింది. నా కారుకూ దానికీ ఒకే పుట్టిన సంవత్సరం. ఏడవది 2016 ఏప్రిల్‌లో ఎగిరిననాడు ఆ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. తరువాత అణుగడియారాలు మొరాయించాయి. 2025 జనవరి 29న శ్రీహరికోటనుంచి నూరవ ప్రయోగంగా పంపిన ఎన్‌వీఎస్-02ను రాకెట్టు సవ్యంగానే వదిలినా, ఒక కవాటం తెరుచుకోక అది నిర్ణీత కక్ష్యకు చేరలేకపోయింది. ఉపగ్రహం నేను ఎక్కడ ఉన్నానో చెబుతుంది. అక్కడ ఏమున్నదో చెప్పవలసినది పటం. మొదటి దానికి ఆకాశంలో ఖర్చు చేసిన దేశం రెండవదానికి నేలమీద శ్రద్ధ చూపడం లేదు.

మరమ్మతు హక్కు అన్న మాట కూడా ఢిల్లీలో వినిపించింది. 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకున్నది. ఆ సంవత్సరం డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించారు. ఏ కంపెనీ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో అందులో చూడవచ్చు. పటం విడిభాగమా కాదా అన్నదానిపై అక్కడ ఒక్క మాటా లేదు.

ఈ విషయాన్ని సభలో ప్రశ్నగా వేయరాదా అని ఆ తెలంగాణ సభ్యుడినే అడిగాను. లోక్‌సభ నియమాల ప్రకారం కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది కష్టం కాదు. ఎవరికి వేయాలన్నదే కష్టం. కార్లు రోడ్డు రవాణా శాఖవి. సర్వే ఆఫ్ ఇండియా శాస్త్ర సాంకేతిక శాఖది. మరమ్మతు హక్కు వినియోగదారుల శాఖది. ఉపగ్రహాలు అంతరిక్ష శాఖవి. ఆయన కాసేపు ఆలోచించి, ‘రవాణా మంత్రికే వేస్తానండీ, నక్షత్రం గుర్తు లేకుండా వేస్తా. నోటిమాట వద్దు, జవాబు కాగితంమీద రావాలి’ అన్నారు. కారు దిగుతూ మరొకసారి తెరవైపు చూసి, ప్రశ్నలో జిల్లా పేరు పాతది రాయాలా కొత్తది రాయాలా అని అడిగారు.